గోడ సారు చెయ్యి అందించిన శుక్రవారం

ఆ రోజుల్లో, అంటే డెబ్బయ్యో దశకం చివర్లో, మస్కట్ ఎండలో ఇనుప కడ్డీలు మోసే మాలాంటి వాళ్లకు స్వర్గమంటే రంభా ఊర్వశీ కాదు, రేకుల కప్పు కింద ఓ కుర్చీ. ఆ ఊళ్లోనే రూవి అనే పేటలో మా సైటు స్టోరులో అలాంటి కుర్చీ ఒకటి ఖాళీ అయింది. పక్కన కూలరు కూడా ఉండేది. దాని మీద నేనూ కన్నేశాను, నా రూములోనే ఉండే మా బావా కన్నేశాడు. ఇచ్చేది మాత్రం మా అమెరికా సూపర్‌వైజరు. ఆయన్ని గోడ సారు అనేవాళ్లం. ఆయన నిలబడితే ఆ నీడలో నలుగురం కూర్చుని అన్నం తినేవాళ్లం (మరీ ఎక్కువనిపిస్తే ముగ్గురనుకోండి).

గోడ సారు తన దేశంలో పదేళ్లు జీతానికి ఫుట్‌బాల్ ఆడాడట. మనం కాలితో తన్నే ఆట కాదు, బంతిని చంకలో పెట్టుకుని పరుగెత్తేది. అందులో ఆయన పని ఆ పరుగెత్తేవాణ్ని పడెయ్యడం. టీ వేళ ఆయన ఇంగ్లీషులో చెబుతుంటే మా హైదరాబాదు టైమ్‌కీపరు తెలుగు చేసేవాడు.

“పదేండ్లల్ల ఎన్ని గోల్స్ కొట్టిండో అడుగు భాయ్,” అన్నాడు బావ.

“ఒక్కటి గూడ లేదంట.”

“మరి పైసలెందుకిచ్చిండ్రు?”

“కొట్టేటోణ్ని ఆపినందుకు.”

“అట్లయితే మా అమ్మకు గూడ ఇయ్యాలె. మా నాయినను కల్లు దుకాణం కాడ ఇరువై ఏండ్ల సంది ఆపుతనే ఉన్నది.”

ఆ ముక్క టైమ్‌కీపరు ఇంగ్లీషు చెయ్యలేదు. మోకాలు చెడ్డాక సారును ఇంటికి పంపేశారట. పేపర్లో ఎప్పుడూ బంతి మోసినవాడి పేరే తప్ప, పడేసినవాడి పేరు రాలేదట.

శుక్రవారం సెలవు. ఎండ ముదరకముందే నీళ్లు లేని వాగులో చెడుగుడు ఆడేవాళ్లం. ఓ శుక్రవారం గోడ సారు వచ్చి, చొక్కా విప్పి, ఆఫీసువాళ్ల జట్టులో నిలబడ్డాడు. కుర్చీ ఎవరిదో మర్నాడు తేల్చాల్సింది ఆయనే. టైమ్‌కీపరు నన్ను పక్కకు పిలిచి, “సారుకు దొరికినవనుకో, కూత ఇడిచిపెట్టి పండుకో. కుర్చీ నీకే,” అన్నాడు. సరేనన్నాను. నిజంగానే సరేనన్నాను.

బావ మొదటి కూతకే దమ్మొదిలేసి బయట కూర్చున్నాడు. చివరికి అటు గోడ సారు ఒక్కడే మిగిలాడు. నేను కూత పెడుతూ వెళ్లి ఆయన మోకాలు ముట్టుకున్నానో లేదో, ఆకాశం కిందికీ నేల పైకీ వెళ్లాయి. కళ్లు తెరిస్తే నోటినిండా ఇసుక. ఆ ఇసుకలోంచే కూత నడుస్తోంది. నా దమ్ము ఆగేదాకా అలాగే అదిమి పట్టుకుని ఉంటే గెలుపు ఆయనదే. కానీ ఆయన ఆటలో మనిషి పడితే పని అయిపోయినట్టే. పెద్దమనిషిలా లేచి, నన్ను లేపడానికి చెయ్యి అందించాడు.

ఆ చెయ్యి పట్టుకుని నోరు మూసుకుంటే కుర్చీ. ఆ సంగతి బుర్రకు తెలుసు, కాళ్లకు ఎవరూ చెప్పలేదు. అదే చేతిని ఊతం చేసుకుని లేచి, “చెడుగుడు చెడుగుడు” అంటూ గీత దాటేశాను.

వాగంతా ఈలలు. గోడ సారు చెయ్యి చాచినచోటే నిలబడిపోయి ఏదో అడిగాడు.

“పడేసిన గదా, ఎట్ల పోయినవంటున్నడు,” అన్నాడు టైమ్‌కీపరు తలపట్టుకుని.

“పడితే ఏమాయె? దమ్మున్నది గదా అని చెప్పు,” అన్నాను, అప్పుడైనా నోరు అదుపులో పెట్టుకోక.

సారు ఆ చెయ్యి దించి, తల ఊపాడు. పదేళ్లలో ఈ మాట తనకెవరూ చెప్పలేదన్నాడట.

మర్నాడు వచ్చి నా భుజం తట్టాడు (ఆ భుజం ఇప్పటికీ రెండోదానికంటే ఓ అంగుళం కిందే ఉంటుంది). ఇంత దమ్మున్నవాణ్ని నీడలో కూర్చోబెట్టడం అన్యాయమని, సైటు నుంచి సైటుకు కాగితాలు చేరవేసే పని ఇచ్చాడు. ఎండలో, పరుగున. దమ్ములేని మా బావకు కుర్చీ. “దా బామ్మర్దీ, జర కూలర్ గాలి పీల్చి పో,” అని రోజూ పిలిచేవాడు.

ఇప్పుడు నాలుగు మెట్లెక్కితే మధ్యలో ఆగి గోడ పట్టుకుంటాను. అలా ఆగినప్పుడల్లా ఇసుకలో పడున్న ఆ కుర్రాడికి మెల్లగా నచ్చజెబుతుంటాను: నోరు మూసుకోరా, చెయ్యి పట్టుకో, పోయి చల్లగా కూర్చో. వాడు వినడు. వింటాడేమోనని నాకు లోపల కాస్త భయం కూడా.