మినుప పొట్టూ, ఇంటర్‌కూలరూ

అతన్ని ఆ రోడ్డు మీదికి కావాలనే పంపాను. ఈ మాట మా ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. నా భార్యకు మాత్రం అనుమానం ఉంది.

అతనంటే నా తోడల్లుడు, నా భార్య చెల్లెలి భర్త. సముద్రం పక్కన రొయ్యల గుంటలున్న మనిషి. నేను బస్సు డిపో వర్క్‌షాపులో పనిచేసి రిటైరయ్యాను. మా అత్తగారి వైపు ఎవరి మోటారు కాలినా, ఎవరి బండి మొరాయించినా, కొత్త ఫ్రిజ్ కొనాలన్నా మొదట నన్నే అడిగేవాళ్ళు. రిటైరయ్యాక నాకు మిగిలిన ఉద్యోగం అదొక్కటే. దాన్ని అతను ఒక్క మాటతో ఊడగొట్టాడు.

ఆ మాట అర్థం కావాలంటే ముందు నా కారు సంగతి చెప్పాలి. పాత డీజిల్ కారు. టర్బో ఉంది, ఇంటర్‌కూలర్ లేదు. టర్బో పని గాలిని ఒత్తి ఇంజనులోకి తోయడం. ఒత్తిన గాలి వేడెక్కుతుంది. సైకిలుకు గాలి కొట్టేటప్పుడు పంపు అడుగున చెయ్యి పెడితే ఎవరికైనా తెలుస్తుంది. వేడెక్కిన గాలి పలచబడుతుంది, ఇంజనుకు ఊపిరి చాలదు. మా నెల్లూరు ఎండల్లో ఏసీ వేసి నలుగురిని ఎక్కించుకుంటే, ఆ కారు ఫ్లైఓవర్ ఎక్కడానికే నల్లపొగ కక్కేది.

ఆ గాలిని చల్లార్చడానికి రెండు దారులున్నాయి. ఒకటి ఇంటర్‌కూలర్. రేడియేటర్ లాంటి అల్యూమినియం పెట్టె, బండి ముందు బిగిస్తారు. లోపల టర్బో గాలి పోతుంటే బయట ఎదురుగాలి తగిలి దాన్ని చల్లబరుస్తుంది. రెండోది, ఇంజనులోకి పోయే గాలిలోకే నీళ్ళను మంచులా చిమ్మడం. ఆ నీళ్ళు ఆవిరవుతూ వేడిని లాక్కుంటాయి. వేసవిలో కిటికీకి వట్టివేళ్ళ తడిక కట్టి నీళ్ళు చల్లినట్టే. నేను రెండోది ఎంచుకున్నాను. ఒక చిన్న పంపు, పురుగుమందు కొట్టే స్ప్రేయర్ నాజిల్ ఒకటి, టర్బో ఒత్తిడి పెరిగినప్పుడే పంపు తిరిగేట్టు ఒక స్విచ్చి. మా వైపు బోరు నీళ్ళు ఉప్పు, పోస్తే నాజిల్ పూడిపోతుంది. అందుకని ఏసీ నుంచి కారే నీళ్ళనే సీసాల్లోకి పట్టి వాడాను. సముద్రపు తేమకు వాటికేం కొదవలేదు. ఏ రోజు ఎన్ని నీళ్ళు తాగింది, పొగ ఎలా ఉంది అన్నది డైరీలో రాసుకునేవాణ్ణి. పొగ తగ్గింది. బండి లాగింది.

అత్తగారింట్లో చెవులు కుట్టే ఫంక్షనుకు ఆ కారులోనే పోయాను. భోజనాలయ్యాక తోడల్లుడు వచ్చి బానెట్ ఎత్తమన్నాడు. సంతోషంగా ఎత్తాను. సీసా చూశాడు, దాన్నుంచి పోయే సన్నటి ట్యూబు చూశాడు, నా భార్య వైపు తిరిగి అందరికీ వినపడేట్టు అన్నాడు.

"వదినా, రా, చూడు! అన్న కారుకి సెలైన్ ఎక్కిస్తుండాడు. పాపం, ఇంకెన్నాళ్ళుంటుందో ఏమో. పండ్లూ బ్రెడ్డూ తెచ్చి చూసిపోండబ్బా!"

పందిరంతా నవ్వింది. మా అత్తగారు అందరికంటే ఆలస్యంగా మొదలుపెట్టి అందరికంటే ఎక్కువసేపు నవ్వింది. నా భార్య కూడా నవ్వింది. నేను చూశాను.

ఆ రోజు నుంచి నా కారు పేరు సెలైన్ బండి. అంతవరకైతే ఓర్చుకుందును. మా బావమరిది ఏసీ కొనేటప్పుడు నన్ను అడగలేదు, అతన్ని అడిగాడు. అత్తగారింటి బోరు మోటారు కాలితే అతనికే ఫోన్ చేశారు. నేను పక్క గదిలోనే ఉన్నాను.

అంతలో అతను తన బండికి, అదీ నాలాంటి కారే, అదే ఇంజను, చెన్నైలో పెద్ద ఇంటర్‌కూలర్ బిగించుకొచ్చాడు. గాలి బాగా తగలాలని ముందున్న జాలీ కూడా తీయించేశాడు. మా ఇంటి ముందు ఆపి, హారన్ కొట్టి మరీ పిలిచాడు.

"నీళ్ళు పోసేది పొలానికి, అన్నా. ఇంజనుకి గాలి చాలు."

నిజానికి అతనిదే మంచి పద్ధతి. ఇంటర్‌కూలరుకు నింపే పని లేదు, అయిపోయే సీసా లేదు, నాజిల్ పూడుతుందన్న భయం లేదు. మా డిపోలో కొత్త బస్సులన్నిటికీ అదే ఉండేది. ఈ సంగతి అతనికి చెప్పలేదు, చెప్పను. అయితే ఆ బస్సుల వల్లే నాకు ఇంకోటి కూడా తెలుసు. మా పల్లెల్లో మినుము మొక్కలు పీకి, ఎండాక రోడ్డు మీద పరుస్తారు. పోయే బండ్లు తొక్కితే కాయలు పగిలి గింజలు రాలతాయి. మిగిలిన పొట్టు గాలికి లేస్తుంది. ఆ రోజుల్లో పల్లె సర్వీసులకు తిరిగిన బస్సులు ముందుభాగమంతా పొట్టుతో మూసుకుపోయి, సలసల కాగుతూ డిపోకు వచ్చేవి. రొయ్యల మనిషికి ఇవన్నీ ఎట్లా తెలుస్తాయి?

ఏప్రిల్‌లో బంధువుల గృహప్రవేశం వచ్చింది. మనుబోలు దగ్గర హైవే దిగి సముద్రం వైపు పోవాలి. ఏ దారిన పోవాలన్నది మాత్రం ఇంకా నన్నే చెప్పనిచ్చేవాళ్ళు. ముందుగా ఒక్కణ్ణే పోయి చూసొచ్చాను. పెద్ద రోడ్డు ఖాళీ. పల్లె రోడ్డు నిండా మినుము. పల్లె రోడ్డే దగ్గరని అందరికీ చెప్పాను. అబద్ధం కాదు, కాస్త దగ్గరే.

బయల్దేరేముందు నా కారు ముందుభాగానికి దోమతెర గుడ్డ కట్టాను. అతను చూశాడు.

"ఏందన్నా, సెలైన్ చాలక దోమతెర కూడానా? ఆస్పత్రి వార్డు మొత్తం తెచ్చినట్టుండావే!"

"దోమలెక్కువైనాయి తమ్ముడూ. నువ్వు ముందు పో, నీది స్పీడు బండి గదా."

అత్తగారు అతని కారే ఎక్కింది. నేను వెనక దగ్గరగానే పోయాను. మినుము మొదలైంది. అతని టైర్ల కింద కాయలు చిటపటలాడాయి, పొట్టు మేఘంలా లేచింది. కొంత దూరం పోయి నేను ఆపి, దిగి, తెర దులిపి ఎక్కాను.

"ఆయనకి కూడా చెప్పొచ్చు గదా?" అంది నా భార్య.

"అతను అడగలేదు గదా."



ఊరు దాటాక మలుపులో అతని కారు ఆగి ఉంది. బానెట్ సందుల్లోంచి ఆవిరి వస్తోంది. అత్తగారు తుమ్మచెట్టు కింద కొంగుతో విసురుకుంటోంది. అతను రెండు చేతులూ ఊపుతూ ఎదురొచ్చాడు.

"అన్నా, నీళ్ళుండాయా?"

"నీళ్ళు పోసేది పొలానికి గదా తమ్ముడూ."

అతను ఏదో అనబోయాడు. అత్తగారు అననివ్వలేదు.

"మీ సరసాలు తర్వాత. నాయనా, ముందు నన్ను ఆ సెలైన్ బండెక్కించు. దాంట్లో ఏసీ తిరుగుతుండాదా?"

"బాగా తిరుగుతుండాది అత్తా."

ఆమెను ఎక్కించుకున్నాను. నీళ్ళ డబ్బా ఒకటి అక్కడ పెట్టి, ఇంజను చల్లారేదాకా రేడియేటర్ మూత తీయొద్దని చెప్పి వచ్చేశాను. అసలు రోగం, ఇంటర్‌కూలర్ సందులు పొట్టుతో పూడి వెనకున్న రేడియేటర్‌కు గాలి తగలకపోవడమని మాత్రం చెప్పలేదు. అతను నీళ్ళు పోసుకుంటూ, మళ్ళీ కాగిస్తూ, మళ్ళీ ఆపుతూ చివరి పంక్తి లేచేవేళకు చేరాడు. చల్లారిన సాంబారు వడ్డించారు.

మర్నాడు ఫోన్ చేశాడు. "బండి ఇంకా కాగుతుండాదన్నా. చెన్నై వాళ్ళు ఇంజను విప్పాలంటుండారు. ఏం చేయమంటావు?"

"ఫోన్‌లో ఏం తెలుస్తుంది? మామ తద్దినానికి అందరం కలుస్తాం గదా, అప్పుడడుగు."

"అందరం" అన్న మాటను కాస్త ఒత్తి పలికాను.

తద్దినం నాడు తలస్నానం చేసి, తెల్లచొక్కా వేసుకుని వచ్చాడు. వసారాలో అందరూ ఉన్నారు. అతను చాలాసేపు ఇటూ అటూ తిరిగాడు. చివరికి నా కుర్చీ దగ్గరకు వచ్చి నిలబడ్డాడు.

"అన్నా, నా బండికేమైందో ఒకసారి చూడవా?"

అందరూ మా వైపు తిరిగారు. నేను కళ్ళజోడు తీసి, తుడిచి, పెట్టుకుని లేచాను. పక్కనున్న పంక్చర్ షాపు నుంచి గాలి గొట్టం లాగించాను. బంపర్ విప్పించాను. ముందు నుంచి కొడితే పొట్టు ఇంకా లోపలికి దిగుతుందని, వెనక నుంచే కొట్టాలని అందరికీ విడమరిచి చెప్పాను. మా బావమరిది దగ్గరికొచ్చి, "బావా, మా మోటారు కూడా ఈ మధ్య తేడాగా మోగుతుండాది" అన్నాడు. సాయంత్రం వస్తానన్నాను.

"నువ్వు ముందు కూర్చో తమ్ముడూ," అన్నాను తోడల్లుడితో. "ఏ వరసలోంచి పొట్టు వస్తుందో దగ్గరగా చూసి చెప్పు."

అతను బంపర్ స్థానంలో గొంతుక్కూర్చున్నాడు. నేను గాలి వదిలాను. మినుప పొట్టు, రోడ్డు మట్టి, చచ్చిన పురుగులు అన్నీ ఒక్కసారిగా వచ్చి ఆ తెల్లచొక్కా మీద, తడి జుట్టు మీద, మీసం మీద పడ్డాయి. కళ్ళు మూసుకునే అడిగాడు.

"ఇంకా ఉండాదా అన్నా?"

"ఉంది. కదలొద్దు," అని మళ్ళీ గాలి కొట్టాను.

అతను అక్కడ కూర్చోవాల్సిన అవసరం మొదటినుంచీ లేదు.