రౌటర్‌లో వీఐపీ క్యూ

ఒక అమ్మాయి ఇంజనీరింగ్ సీటును దాదాపు మింగేసిన ఘనుణ్ణి నేను. మీరు చదివి నవ్వుకోండి, నాకైతే ఇప్పటికీ తల ఎత్తుకోబుద్ధి కాదు.

కాలేజీల ఆప్షన్లు కంప్యూటర్లోనే పెట్టుకోవాలన్న పద్ధతి కొత్తగా వచ్చిన రోజులవి. తిరుపతి బస్టాండు దగ్గర పన్నెండు కంప్యూటర్ల ఇంటర్నెట్ సెంటరుకు నేను మేనేజర్ని. ఉన్నది ఒక్కటే లైను, దాన్ని అన్నిటికీ పంచే డబ్బా రౌటర్. మద్రాసులో మూడు రోజులు శిక్షణ పొంది వచ్చినవాణ్ణి కదా, అందరికీ సమానంగా పంచితే ఇక నా గొప్పేముంది? తిరుపతి బుర్ర కాబట్టి కొండ మీద క్యూలు గుర్తొచ్చాయి. రౌటర్‌లో మూడు వరసలు కట్టాను. ముందు వీఐపీ, వాళ్లు కదిలాక మా ఏసీ గదిలో ఎక్కువ డబ్బిచ్చి కూర్చునే టికెట్టు వాళ్లు, అందరూ అయ్యాక మిగిలింది బయట హాల్లో కూర్చునే ధర్మదర్శనం వాళ్లకు. వీఐపీ ఎవరంటారా? కాస్త ఆగండి, సిగ్గుగా ఉంది.

నేనీ వరసలు కట్టిన మర్నాడే ఆప్షన్లకు ఆఖరి రోజు. సాయంత్రం ఐదుకు మూసేస్తారు. నాలుగింటికి మునిరత్నం అనే ఐరాల ఊరి ఆయన కూతురు భారతితో వచ్చి బయటి కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. కొండ మీద క్యూలైన్లో భక్తులను పంపించే ఉద్యోగం ఆయనది.

"అన్నా, పేజీ తెరుచుకోలేదు. తిరగతానే ఉండాది" అంది భారతి.

"రాష్ట్రమంతా ఇదే పని మీద ఉండారు పాపా, ఓపిక పట్టు."

నాలుగున్నర అయింది.

"ఎన్ని కాలేజీలు పెట్టినావు?"

"ఒగటి గూడా లేదన్నా." ఆ పిల్ల కళ్లలో నీళ్లు.

నేను టెలిఫోను వాళ్లను తిట్టాను. కీబోర్డు తిరగేసి దులిపితే మురుకు ముక్కలు రాలాయి తప్ప పేజీ రాలేదు.

మునిరత్నం రౌటర్ వైపే చూస్తున్నాడు. "సామీ, ఆ పెట్టె మీద లైట్లు గబగబా కొట్టుకుంటా ఉండాయే. లైనుండాది గదా, ఎవురికి పోతా ఉండాది?"

అంత గండంలోనూ నా గొప్ప ఆగలేదు. "కొండ మీద మాదిరి మూడు క్యూలు కట్టినానన్నా!"

"ఇప్పుడు వీఐపీలో ఎవురుండారు?"

అప్పుడు గుర్తొచ్చింది. వీఐపీ నా కంప్యూటరే. పొద్దున ఒక సినిమా డౌన్‌లోడుకు పెట్టి మరిచిపోయాను.

"నేనే" అన్నాను.

ఆయన అరిచినా బాగుండేది. నిదానంగా అన్నాడు: "వీఐపీలను గూడా ఒక టైమయితే ఆపేస్తామప్పా. లేకుంటే బయట బిడ్డల్నెత్తుకుని నిలబడినోళ్ల గతేంగాను? నీకు నువ్వే వీఐపీ అయిపోయి, గేటు గూడా వెయ్యలేదే!"

నా కంప్యూటర్ వైరు పీకి పారేశాను. పేజీ టక్కున తెరుచుకుంది. ఐదుకు మూడు నిమిషాలుందనగా భారతి ఆఖరి కాలేజీ పెట్టి, కళ్లు తుడుచుకుని, "థాంక్స్ అన్నా" అంది. చెంప మీద కొట్టినా అంత మండేది కాదు.

మునిరత్నం గడప దాటుతూ వెనక్కి తిరిగాడు. "కొండకొస్తే నన్ను అడుగు సామీ. ధర్మదర్శనం క్యూ యాడ మొదలయితాదో సూపిస్తా."

కాబట్టి పాఠకుల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఈ జన్మలో ఏ రౌటర్ ముట్టుకున్నా నా కంప్యూటరుది కట్టకడపటి వరసే. సినిమాలంటారా, థియేటరుకు పోయి, లైన్లో నిలబడి చూస్తాను.