బయటి డబ్బాలో నీళ్లు

మా మావయ్య పని చాలా చిన్నది, కానీ ఒక్కరోజు కూడా తప్పించుకోలేనిది. సముద్రం పక్కనున్న వాతావరణ కార్యాలయం పెరట్లో, రోజూ ఉదయం ఎనిమిదిన్నరకు, పడిన వానను కొలిచి పుస్తకంలో రాయాలి. అలా ముప్పై ఏళ్లు రాశాడు. వీధిలో అందరూ ఆయన్ని వానాయన అనేవారు. వాన ఎప్పుడొస్తుందని అడిగితే మాత్రం "పడ్డాక చెప్తాను" అనేవాడు.

మా ఊరి కాలాలన్నీ నేను ఆయన దగ్గరే నేర్చుకున్నాను. వేసవిలో పదకొండింటికి సముద్రం మీంచి గాలి తిరిగితే బతికిపోయామనుకునేవాళ్లం. ఆ గాలి తెచ్చే ఉప్పుకి కిటికీ ఊచలు తుప్పు పట్టేవి, ఆరేసిన బట్టలు సాయంత్రానికి కూడా చెమ్మగానే ఉండేవి. తొలివానలు పడమటి నుంచి వచ్చి, మొహమాటంగా నాలుగు చినుకులు రాల్చి పోయేవి. అసలు వానలు ఏడాది చివర సముద్రం వైపు నుంచి వచ్చేవి. వాటికి మొహమాటం లేదు. నేరుగా ఇంట్లోకే.

మాట వరసకి అనడం లేదు. మా వీధి పల్లం. పదకొండేళ్ల కిందట కట్టిన మురుగుకాలువ ఏటా పొర్లి, గదుల్లో మోకాళ్ల లోతు నీళ్లు నిలిచేవి. కాలువ కట్టినవాళ్లను అమ్మ ఏడు తరాలూ కలిపి తిట్టేది. అమ్మకి తమ్ముడు కదా, మావయ్య పిలవకుండానే వచ్చి బకెట్లతో నీళ్లు తోడేవాడు. తిట్లు మొదలవగానే తల దించుకునేవాడు. అక్కంటే అంత భయమా అని నేను నవ్వేదాన్ని. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పుడు నాకే సిగ్గేస్తుంది.

ఆయన రిటైరైన ఏడాది, కొత్త కాలువ పని మీద ఒక ఇంజనీరమ్మ ఆయన్ని వెతుక్కుంటూ మా ఇంటికి వచ్చింది.

"ఇక్కడ ఒక్కరోజులో పడిన పెద్ద వాన రెండు వందల మిల్లీమీటర్లని మీరే రాశారండి. పాత కాలువ దాన్నిబట్టే కట్టారు. సరిగ్గా రెండు వందలేంటా అని అడుగుదామని వచ్చాను."

"కొలిచింది మావాడు. చుక్క తేడా రాదు," అంది అమ్మ గర్వంగా.

మావయ్య టీ కప్పు కింద పెట్టాడు. అవునంటే అక్కడితో అయిపోయేది.

"వాన కొలిచే పరికరంలో లోపలి సీసాకి పట్టేదే రెండు వందలండి," అన్నాడు. "అది నిండితే మిగతాది బయటి డబ్బాలో పడుతుంది. రెండూ కొలిచి కలపాలి. ఆరోజు గాలికి నిలబడలేకపోయాను. సీసా ఒక్కటే కొలిచి, డబ్బా బోర్లించేశాను. గదిలోకొచ్చి పెన్ను పట్టుకున్నాక గుర్తొచ్చింది."

"మరి అప్పుడే చెప్పలేదేం?"

"తప్పు రాయడని నాకు పేరండీ. సిగ్గేసింది. తర్వాత కాలువ కట్టేశారు. ఇంక నోరు రాలేదు."

ఇంజనీరమ్మ పెన్ను తీసింది. "పోనీ, డబ్బాలో ఎంత ఉండుంటుంది?"

"తెలీదు."

"సుమారుగా?"

"చూడకుండా పారబోశానండి. బరువుగా ఉంది. అంతే తెలుసు."

ఆమె కాగితాలు మడిచింది. "బరువుగా ఉందని రాయలేను కదండీ. వేరే కొలతలేమైనా దొరుకుతాయేమో చూస్తాను. దొరక్కపోతే కొత్త కాలువకీ మీరు రాసిన రెండు వందలే ఖాయం."

ఆమె వెళ్లిపోయింది. పదకొండేళ్లుగా తాను తిట్టింది ఎవరినో అమ్మకు అప్పుడు తెలిసింది. మావయ్య అమ్మ ఎదుట నిలబడ్డాడు.

"తిట్టక్కా," అన్నాడు.

అమ్మ నోరు తెరిచింది. ఒక్క తిట్టూ రాలేదు. "మంచం కోళ్ల కింద ఇంకో ఇటుక పెట్టు," అని లోపలికి వెళ్లిపోయింది.

మావయ్య నాలుగు కోళ్ల కిందా నాలుగు ఇటుకలు పెట్టాడు. తర్వాత నన్ను స్కేలు అడిగి, నేల మీద కూర్చుని, మంచం ఎత్తు రెండుసార్లు కొలిచాడు.