తేదీ కోసం వదిలిన చోటు

మా నాన్న యూసుఫ్ ఏలూరులో శిలాఫలకాలు చెక్కేవారు. ఫలకం అడుగున ఎప్పుడూ నాలుగు వేళ్ల మేర ఖాళీ వదిలేవారు. కట్టడం పూర్తయ్యాక ప్రారంభోత్సవం తేదీ అక్కడ చెక్కాలి.

"ఆ ఖాళీ కనబడుతుంటే రాయి వేయించినవాళ్లకి పని గుర్తొస్తుందే షిరీనూ" అనేవారు నాతో.

పెదపాడు దారిలో ఉన్న మా కాలనీ చుట్టూ చేపల చెరువులే. బోరు నీళ్లు నోట పెట్టలేం. 2004లో ఓట్లకు వచ్చినాయన, గెలిస్తే తన మొదటి పని మా మంచినీళ్ల ట్యాంకేనన్నాడు. గెలిచాక, ట్యాంకుకు చోటు చూపించమన్నాడు. నాన్న వెళ్లి ఎదురింటి సూర్యకాంతం అత్తయ్యను ఆవిడ గేదెల పాక ఉన్న చోటు అడిగారు. ఆవిడ పాలు పోసుకుని బతికే మనిషి.

"మీ మాట మీద ఇస్తున్నానండీ అన్నయ్య గారూ, ఆయన మొహం చూసి కాదు" అంది. రెండు గేదెల్నీ అమ్మేసి, పాక పీకించింది.

ట్యాంకు శంకుస్థాపన ఫలకం చెక్కినందుకు నాన్న కూలి పుచ్చుకోలేదు. ఎమ్మెల్యే గారు వచ్చి కొబ్బరికాయ కొట్టి, ఫొటో దిగి వెళ్లారు. తర్వాత మూడేళ్లపాటు పాక తీసిన చోట రాయి ఒక్కటే నిలబడి ఉంది. అత్తయ్య ఇళ్లలో పాచిపనికి కుదిరింది. బిందె పట్టుకుని వెళ్తూ నాన్న ఎదురుపడితే తనే తల తిప్పుకునేది, ఆయన సిగ్గుపడకూడదని.

ఒకరోజు ఎమ్మెల్యే మనిషి వెంకట్రాజు ట్రాలీ ఆటోలో ఆ రాయిని మా కొట్టు దగ్గర దింపాడు.

"దీని వెనకవైపు పాలిష్ కొట్టి ఈ పేర్లు చెక్కండి. చేపల లారీలు దిగబడిపోతున్నాయని ముందు రోడ్డు వేయిస్తున్నారు సారు. కొత్త రాయి దండగ కదండీ."

"మా ట్యాంకో?"

"నీళ్లదేముందండీ, తర్వాత చూద్దాం. మీరెలాగూ కొనుక్కుని తాగుతున్నారుగా!"

ఇంతలో అత్తయ్య పరుగున వచ్చింది. చేతికి మట్టి ఉంది. రాయి పెకలించడానికి తనూ ఒక చెయ్యి వేసిందట, వెంకట్రాజుకి టీ కూడా ఇచ్చిందట.

"పని మొదలెడుతున్నారట, ట్యాంకు తెరిచే రోజు కూడా ఖాయమైందట. తేదీ చెక్కించడానికి తీసుకెళ్తున్నామన్నారు. ఏ రోజండీ అన్నయ్య గారూ?"

నాన్న ఆవిడ వంక చూడలేకపోయారు. "ఇంకా చెప్పలేదమ్మా" అన్నారు. వెంకట్రాజు ఎంత అరిచినా వినక, రాయిని రిక్షా మీద వేసుకుని వెనక్కి తెచ్చి, తన చేతులతోనే మళ్లీ పాతారు. ఆ రాత్రి అన్నం ముట్టలేదు. ఆ తర్వాత ప్రతి సోమవారం ఎమ్మెల్యే గారి ఆఫీసుకి వెళ్లి బయట బెంచీ మీద కూర్చునేవారు. లోపలికి ఒక్కసారీ పిలవలేదు.

ఏళ్లు గడిచినా ట్యాంకు రాలేదు. ఈ వానాకాలంలో నాన్న పోయారు. సారు పంపారంటూ వెంకట్రాజు పెద్ద దండతో వచ్చాడు. గుమ్మంలో సూర్యకాంతం అత్తయ్య అడ్డం నిలబడింది.

"అది ఆ రాయికి వెయ్యండి బాబూ. ఈయనకొద్దు."

వెంకట్రాజు పక్క ఊళ్లో కూడా ఎవరో పోయారనీ, పూలు వాడకముందే వెళ్లాలనీ గొణుక్కుంటూ దండ ఆటోలో పెట్టుకుని వెళ్లిపోయాడు.