రిజిస్టర్‌లో ఒక వరుస

ఆ యూనివర్సిటీని నేను ఒక్కసారీ చూడలేదు. అయినా పెద్ద గుమ్మం నుంచి లైబ్రరీ దాకా కళ్ళు మూసుకుని నడవగలను.

హైదరాబాద్‌లో ఎమ్మే హిస్టరీ అయ్యాక నా రూమ్మేట్‌కీ నాకూ ఒకేసారి అక్కడ సీటొచ్చింది. తను యూరప్ వెళ్ళింది. నేను సీటు రెండేళ్ళు వాయిదా వేయించుకుని, పెళ్ళి చేసుకుని దోహా వచ్చాను. మా ఆయన స్టేడియం పనిలో ఇంజనీరు. "రెండేళ్ళేగా. సెలవు పెట్టి నేనే తీసుకెళ్తా" అన్నారు.

వారం వారం తను ఫోన్ పట్టుకుని నాకు క్యాంపస్ చూపించేది. మొదట్లో అది సన్యాసుల మఠమట. మెట్లు మధ్యలో గిన్నెల్లా అరిగిపోయాయి. కొట్లాడిన విద్యార్థుల్ని బంధించిన గది ఉంది, గోడల నిండా వాళ్ళు గీకిన పేర్లు. చేరేవాళ్ళెవరైనా పెద్ద రిజిస్టర్‌లో స్వయంగా సంతకం పెట్టాల్సిందే.

"మొదటి ఆడమనిషి సంతకం చూశానే. ఎవరైనా చెరిపేస్తారేమోనన్నంత చిన్నగా రాసింది" అంది ఒకసారి.

తను సంతకం పెట్టిన రోజు, కింద నాకో వరుస వదలమని అడిగిందట. ఇన్ని వందల ఏళ్ళలో రాజుల కొడుకులకే వదల్లేదని గుమాస్తా నవ్వాడట.

ఈలోగా బాబు పుట్టాడు. ఫుట్‌బాల్ ప్రపంచ కప్పు కోసం దోహాలో మేముండే ఫరీజ్ బిన్ మహమూద్ పేటలో మా వీధంతా తవ్వేశారు. ఆ దుమ్ముకి వాడికి పిల్లికూతలు పట్టుకున్నాయి. ఒక సాయంత్రం ఆయన బూట్లు విప్పుతూ, తలెత్తకుండా చెప్పారు. "కప్పయ్యేదాకా సెలవులు మాఫీ అన్నారు." ఇక్కడి అరబ్బీలో మాఫీ అంటే లేవని.

యూనివర్సిటీ రెండోసారి వాయిదా ఇవ్వదు. ఉబ్బసపు పిల్లాడితో ఒక్కదాన్నే ఆ చలిలోకి వెళ్ళే ధైర్యం నాకు లేకపోయింది.

సంతకాల వారంలో నా రూమ్మేట్‌కి ఆ రిజిస్టర్ బల్ల దగ్గరే డ్యూటీ పడింది. అక్కణ్ణుంచే వీడియో కాల్ చేసింది.

"ఒసేయ్, నీ ఫారం ఇంకా నా ముందే ఉంది. ఎల్లుండి దాకా ఆపుతా. టికెట్ కొంటావా, మీ ఆయనకి పప్పుచారు కాస్తూ కూర్చుంటావా?"

నేను బాబు మూతికి నెబ్యులైజర్ మాస్క్ పట్టుకుని ఉన్నాను. మిషన్ చప్పుడు తనకి వినబడింది.

"మళ్ళీనా?"

"తీసెయ్యవే ఫారం."

తను ఫారం తీసి పక్కన పెట్టింది.

"ఫోన్ కాసేపు అక్కడే ఉంచు" అన్నాను.

ఫోన్ తెర మీద, తడి జుట్టుతో ఒకమ్మాయి వచ్చి రిజిస్టర్ ముందు కూర్చుంది. అరచేతులు స్కర్టుకి తుడుచుకుని కలం అందుకుంది. వరుస నిండిపోయేలా, పెద్దగా రాసింది.

మందు ఎప్పుడో అయిపోయి మిషన్ ఉత్తినే గురగురమంటోంది. బాబు మొహం మీంచి మాస్క్ తియ్యడం మర్చిపోయాను.