సర్కారు ఫోనులో మా చిన్నమ్మ ఇల్లు

ప్రభుత్వం ఇప్పుడు మన గడప దగ్గరికే వస్తోందంటారు. మా చిన్నమ్మ కోసం వచ్చిన మాట నిజమే. కాకపోతే ఆమె గడప ఏదో దానికి ఈ రోజుకీ తెలియదు.

చిన్నమ్మది మక్తల్ దగ్గర ఒక ఊరు. చిన్నాయన పోయాక కొన్ని మేకలు మేపుకుంటూ, మట్టిగోడల మీద రేకులు పరిచిన కొట్టంలో ఒక్కతే ఉండేది. ఒక గోడ వానలకు నాని బయటికి వంగింది. దానికి వేపమొద్దు ఒకటి ఆనించి పెట్టింది. పేదలకు ఇళ్ళిచ్చే పథకం వచ్చిందని తెలియగానే నాకు ఫోన్ చేసింది. నేను పాలమూరులో ఉద్యోగం చేసేవాణ్ణి. మా ఇంట్లో ఎవరి సర్కారు పనైనా నా ఫోన్‌లోనే జరగాలి. దరఖాస్తు పెట్టాను. ఆ గోడ కూలకముందే ఇల్లు మంజూరు కావాలి, మాకు కావలసింది అంతే.

ఫోటో తీయడానికి పంచాయతీ సారు వస్తాడని కబురొచ్చింది. పద్ధతి చాలా సులువు. మనిషి తన పాత ఇంటి ముందు నిలబడాలి, సారు ఫోన్‌లో నొక్కాలి. ఎక్కడ నిలబడిందో, వెనకాల ఎలాంటి ఇల్లుందో ఫోనే తెలుసుకుంటుంది. మనిషి మాటతో పని లేదు. మనుషులైతే అబద్ధాలాడతారు కదా.

మా వైపు ఒక అలవాటుంది. పెద్దమనుషులు వస్తున్నారంటే వాళ్ళను కొట్టంలో కూర్చోబెట్టం. పాలివాళ్ళలో ఎవరిది మంచి ఇల్లయితే అక్కడికి తీసుకుపోతాం. చిన్నమ్మ కూతురిని చూడవచ్చినవాళ్ళు చాయ తాగిందీ, పెళ్ళయ్యాక అల్లుడు పడుకుందీ రెండు వీధుల అవతల ఉన్న ఆమె మరిది స్లాబు ఇంట్లోనే. దాన్ని మోసమని ఎవరూ అనరు, మర్యాద అంటారు. చిన్నమ్మ లెక్కలో సర్కారు కూడా చుట్టమే. పట్టుచీర కట్టుకుని సారును నేరుగా మరిది ఇంటికే తీసుకుపోయింది.

“ఇది నీ ఇల్లేనా అమ్మా?” అని ఆయన అడిగాడట.

“మాదే సారు. మా మరిదిది. ఫోటో హైదరాబాదు దాకా పోతదంటిరి. గా పడిపోయే కొట్టం ముందల నిలబడి ఇజ్జత్ తీసుకోమంటరా?”

ఆయన ఇంకా ఎన్నో ఇళ్ళు తిరగాలి. “మాదే” అన్నంతవరకు విన్నాడు, నొక్కాడు, పోయాడు.

కొన్నాళ్ళకు నా ఫోన్‌కు సందేశం వచ్చింది. పక్కా ఇల్లు ఉన్నందున అనర్హులు అని. నాకు ఒళ్ళు మండింది. చిన్నమ్మ మీద కాదు. ఆన్‌లైన్‌లో ఫిర్యాదు పెడితే ఆ సాయంత్రానికే జవాబు: మీ సమస్య పరిష్కరించబడింది, మా సేవలకు నక్షత్రాలివ్వండి. ఒక్క మనిషి కూడా కుర్చీలోంచి లేవకుండా సమస్యను పరిష్కరించడం ఒకప్పుడు దేవుళ్ళకే చేతనయ్యేది.

మండలాఫీసు చుట్టూ తిరగగా తిరగగా సారు మళ్ళీ వచ్చాడు. ఈసారి కొట్టం దగ్గరికే తీసుకుపోయాను. వంగిన గోడనూ, దానికి ఆనించిన మొద్దునూ చూసి ఆయన కూడా నొచ్చుకున్నాడు. ఫోన్‌లో ఫోటోలు తీసే యాప్ నొక్కాడు. అది తెరుచుకోలేదు.

“ఏమంటాంది సారు?” అంది చిన్నమ్మ, తన గడప మీద నిలబడి.

“నువ్వు ఇంటికాడ లేవంటాందమ్మా. మొదలు ఫోటో యాడ తీసినమో గాడనే తెరుచుకుంటది.”

“మరి నేనేడున్న?”

“నా కండ్లకు కనబడుతనే ఉన్నవు. నా కండ్లతోని అప్‌లోడ్ కాదు గద.”

దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. ఈ పూజారికి దక్షిణ ఇద్దామన్నా చెయ్యి లేదు.

ఆ వానాకాలంలో గోడ కూలింది. మేకల వెంట పోయి ఉంది కాబట్టి చిన్నమ్మ బతికింది. మరిది తన వరండాలో మంచం వేయించాడు. తోటికోడలు ఉండమనీ అనలేదు, పొమ్మనీ అనలేదు. చిన్నమ్మ పొద్దున లేస్తూనే పక్క చుట్టి, ఎవరికీ కనపడకుండా మంచం కిందికి తోసేది.

కాదన్న దరఖాస్తులను మళ్ళీ చూస్తున్నారంటే నేనూ ఊరికి పోయాను. సారు చిన్నమ్మను ఆ వరండాలో నిలబెట్టి ఫోన్ పట్టాడు. ఏ పేచీ లేకుండా తెరుచుకుంది. లబ్ధిదారు ఇంటి వద్దనే ఉన్నారు, పక్కా ఇల్లు నిర్ధారించబడింది అని పచ్చ గుర్తు పడింది. ఆమె ఎక్కడుంటుందని ఫోన్ మొదట చెప్పిందో, చివరికి అక్కడికే చేర్చింది. సారు నా ముఖం చూడకుండా బండెక్కాడు.

“ఏమంటాంది కొడుకా?” అని చిన్నమ్మ నన్నడిగింది.

“ఇది నీ ఇల్లే అంటాంది చిన్నమ్మా.”

ఆమె వంటింటి వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించింది.

“మెల్లగ అను. ఆళ్ళు వింటే గీ జాగా గూడ పోతది.”