డెడ్‌లైన్ అంటే గీతేనట

మాదాపూర్‌లో ఆ గుండ్రటి అద్దాల మేడ కొత్తగా లేచిన రోజులవి. ఆ పక్కనే ఒక చిన్న ఆఫీసులో డేటా ఎంట్రీ చేసేదాన్ని. తెల్లారి లేస్తే డెడ్‌లైన్, డెడ్‌లైన్ అంటూ మేనేజర్ ప్రాణాలు తోడేసేవాడు. ఒళ్లు మండి, ఆఫీసులో మాకు ఇంగ్లీషు నేర్పడానికి వచ్చే మాస్టారిని అడిగేశాను, గడువుకీ చావుకీ ఏం సంబంధమని.

ఆయన మురిసిపోయారు. "మంచి ప్రశ్నండి! వెనకటికి అమెరికాలో వాళ్లలో వాళ్లకే యుద్ధం జరిగినప్పుడు, ఖైదీల శిబిరంలో కంచెకి ఇవతల ఒక హద్దు పెట్టారండి. దాటితే కాల్చేయడమే. ఆ హద్దు పేరే డెడ్‌లైన్. గడువు అనే అర్థం చాలాకాలం తర్వాత వచ్చిందండి."

మా మేనేజర్‌కి తుపాకీ ఒక్కటే తక్కువన్నాను. క్లాసులో అందరం నవ్వాం.

సాయంత్రం కొత్తగూడలో ఇంటికొచ్చేసరికి వాకిట్లో సర్వేవాళ్లు గీసిన సున్నపు గీత ఉంది. రోడ్డు వెడల్పు చేస్తారట, గీతకు అవతలిదంతా పోతుందట. గేటూ, బట్టలుతికే బండా పోతాయి. ఇల్లు మిగిలింది, అంతే చాలని అమ్మా నేనూ ఊపిరి పీల్చుకున్నాం.

మర్నాడు పొద్దున్నే అమ్మ రోజూలాగే వాకిలి ఊడ్చి, పేడనీళ్లతో సాన్పి చల్లింది. ఏళ్ల అలవాటు, చెయ్యి ఆగలేదు. గీత కాస్తా కొట్టుకుపోయింది.

సర్వేవాళ్లు మళ్లీ వచ్చారు. "ఎవరు తుడిచిండ్రమ్మా దీన్ని?" అంటూ టేపు పట్టి కొత్తగా కొలిచారు. ఈసారి గీత అరుగెక్కి, వంటింటి నడుమ నుంచి పోయింది. పొయ్యి అవతల పడింది.

"నిన్న అక్కడుంది కదా!" అని తెలుగులో అరిచాను. ఇంగ్లీషులో బతిమాలాను.

"నేనేం జేస్తమ్మా, పైనుంచి ఆర్డరు," అని సర్వేయరు టేపు చుట్టుకున్నాడు. నిన్నటి కొలత తప్పో, ఇవాళ్టిది తప్పో ఎవరినడగాలో కూడా మాకు తెలియలేదు.

"నేను సాన్పి చల్లకుంటే వంటిల్లు దక్కేది గద బిడ్డా," అని అమ్మ ఒకటే ఏడుపు. నీ తప్పేం లేదమ్మా అన్నాను. అంతటితో ఊరుకోక, ఆ ఖైదీల కథ కూడా చెప్పాను.

అమ్మ కళ్లు తుడుచుకుంది. "వాళ్లు దాటిండ్రు, కాల్చిండ్రు. మనమేడ దాటినం? గీతనే మన ఇంట్లకొచ్చె."



ఆ మర్నాటి నుంచి అమ్మ సాన్పి చల్లడం మానేసింది. వంటకు వెళ్లినప్పుడల్లా చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని, సున్నం చెదరకుండా కాలు పైకెత్తి గీత దాటేది. మళ్లీ ఇవతలికి వచ్చేదాకా నేను చేసే పని ఆపి చూస్తూ ఉండేదాన్ని.